ద్రోహి నిలబెట్టిన కోట

మా ఊళ్ళో ఒక గుమ్మం దగ్గర బయలుదేరితే ఐదు నిమిషాల్లో రెండో గుమ్మం దాటి బయటపడతాం. ఒకటి రోమ్ వైపు, ఇంకొకటి ఫ్లోరెన్స్ వైపు. మధ్యలో ఒక వీధి, రాళ్ళు పరిచిన బయలు, ఒక బావి, శాంతా మరియా చర్చి. చుట్టూ 570 మీటర్ల ప్రాకారం, దానికి 14 బురుజులు. ఇటలీలోని టస్కనీలో, సియెనాకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గుట్ట మీదున్న ఈ ఊరి పేరు మోంతెరిజ్జోని.

ఊరు పెరిగాక కోట కట్టుకోలేదు ఇక్కడ. కోట కోసమే ఊరు పుట్టింది. ఫ్లోరెన్స్ దండు సియెనా మీదికి రావడానికి ముఖ్యమైన దారి ఈ గుట్ట కిందుగానే పోతుంది. రోమ్‌కి నడిచి వెళ్ళే యాత్రికుల దారి ఫ్రాంచిజెనా కూడా ఇటే. అందుకని సియెనావాళ్ళు 1213 ప్రాంతంలో పని మొదలుపెట్టి 1219 కల్లా గోడ లేపారు. కొలిచి గీసిన వలయంలా కనిపిస్తుంది గానీ, గుట్ట వాలు ఎటు తిరిగితే గోడా అటే తిరిగింది.

మాకు కీర్తి తెచ్చినవాడు కవి డాంటే. నరకం కావ్యం 31వ సర్గలో, పాతాళపు గోతి అంచున బొడ్డు దాకా దిగబడి నిలుచున్న రాక్షసుల్ని మసక వెలుతురులో చూసి బురుజులనుకుంటాడు. అక్కడ పోలికకి మా ఊరినే తెచ్చాడు. ఆయన కాలంలో బురుజులు ఇప్పటికంటే చాలా ఎత్తుగా ఉండేవి. ఫిరంగులొచ్చాక ఎత్తు ప్రమాదమైంది, తగ్గించేశారు.

ఫ్లోరెన్స్ 1254లో మా మీదికి వచ్చింది. కోటను కాచేవాళ్ళే సొమ్ము పుచ్చుకుని అప్పగించడానికి బేరమాడుతున్నారని చరిత్రకారుడు విల్లాని రాశాడు. సియెనా భయపడి సంధి చేసుకోవడంతో బేరం ఆగిపోయింది. అంటే ఈ కోటకి ముప్పు మొదటినుంచీ లోపలే ఉంది.

మూడు వందల ఏళ్ళకి అదే జరిగింది. 1554లో ఫ్లోరెన్స్ పాలకుడు కోసిమో మెదిచి సియెనాను మింగడానికి సేన పంపాడు. సేనాపతి మరిన్యానో ప్రభువు జాన్ జాకొమో మెదిచి. ఇంటిపేరు ఒకటే గానీ ఆయన మిలాన్ మనిషి, కోసిమోకి బంధువు కాడు. మా కోటను కాస్తున్నవాడు జొవన్నీనో జేతి, ఫ్లోరెన్స్ నుంచి వెళ్ళగొట్టబడ్డవాడు. శత్రువు ఊరివాడి చేతికి తాళాలివ్వడమేమిటని ఇప్పుడు నవ్వుతాం. కానీ సియెనా సైన్యాన్ని నడిపిన పియెరో స్త్రోత్సీ కూడా ఫ్లోరెన్స్ వాడే. కోసిమో అంటే మండిపడేవాళ్ళు ఇలాంటి ప్రవాసులే, అందుకే వాళ్ళని నమ్మారు. జేతికి మాత్రం కోపం కన్నా సొంతూరి మీద మమకారం ఎక్కువైంది. తనని మళ్ళీ ఊళ్ళోకి రానిస్తే చాలునని కోట అప్పగించాడని ఇక్కడ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది సియెనా కూడా లొంగిపోయింది. జేతి ఆత్మ ఇప్పటికీ సొరంగాల్లో తిరుగుతోందంటారు. రాత్రిపూట కుర్రాళ్ళని భయపెట్టడానికి ఆ కథ పనికొస్తుంది.

నా మాట మా వాళ్ళకి రుచించదు గానీ చెప్తాను. జేతి పంతానికి పోయి చివరిదాకా పోరాడి ఉంటే 13వ శతాబ్దపు ఈ గోడ 16వ శతాబ్దపు ఫిరంగుల ముందు నిలిచేది కాదు. సియెనా, ఫ్లోరెన్స్ ఒకే ఏలుబడిలోకి వచ్చాక సరిహద్దే లేకుండా పోయింది, కోటతో ఎవరికీ పని లేకపోయింది. పని లేనిదాన్ని కూల్చే ఖర్చు కూడా ఎవరూ పెట్టరు. రైతులు లోపల కాపురాలు చేసుకున్నారు, పెరళ్ళలో కూరలు పండించుకున్నారు. అలా మిగిలింది.

ఇప్పుడు వచ్చే కుర్రకారులో చాలామందికి డాంటే తెలియదు, అసాసిన్స్ క్రీడ్ వీడియో గేమ్ తెలుసు. అందులో బోర్జియా వంశపు ఫిరంగులు మా ఊరిని నేలమట్టం చేస్తాయి. గోడలు చెక్కుచెదరకుండా ఉన్నాయేమిటని ఒకరిద్దరు నిరాశ పడటం కూడా చూశాను! జూలైలో మధ్యయుగపు జాతర జరుగుతుంది. అప్పుడు మా వీధిలో అడుగు పెట్టే చోటుండదు. రావాలనుకుంటే శీతాకాలంలో రండి. టికెట్ కొని గోడ ఎక్కేముందు కింద కాసియా రోడ్డు మీద ఒకసారి ఆగి తలెత్తి చూడండి. డాంటే పోలిక అక్కడినుంచి చూస్తేనే అర్థమవుతుంది.