సి.ఆర్. ఫారం నుంచి సైబర్ టవర్స్ దాకా

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు రాయమని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. జ్ఞాపకాలంటే మనవాళ్ళు సాధారణంగా డి.ఏ. ఉద్యమాలు, బదిలీలు, పే కమిషన్లు రాస్తారు. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఒక ఫారం గురించి రాస్తాను. మనందరి తలరాతలూ కొంతకాలం అందులోనే ఉండేవి కనుక ఆసక్తిగానే ఉంటుందనుకుంటాను.

అదే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. సి.ఆర్. అంటే చాలు, ప్యూన్ మొదలు పెద్ద దొర దాకా అందరికీ అర్థమయ్యేది. మార్చి నెలాఖరు దాటగానే సీలు వేసిన కవర్లు ఒక టేబుల్ నుంచి మరో టేబుల్‌కు నడిచేవి. పని ఎంత చేశాడన్నది ఆ ఫారంలో ఒకటి రెండు గడులే. మిగతావన్నీ మనిషి గురించి: తెలివితేటలు, చొరవ, క్రమశిక్షణకు లోబడే గుణం, తోటివారితో సంబంధాలు, ప్రజలతో ప్రవర్తన, నిజాయితీ. ఒక మనిషి స్వభావాన్ని నాలుగు మాటల్లో తేల్చేయమనేవారు. ఆ పని ఎలా చెయ్యాలో మాకు ఎవరూ నేర్పలేదు. సెక్షను ఇచ్చారు, కుర్చీ ఇచ్చారు, రాయమన్నారు.

మనం ఇక్కడ ఈ గడులు నింపుతుండగా ప్రపంచంలో ఇదే విషయం మీద పెద్ద పరిశోధనే జరిగిందని నాకు రిటైరైన తర్వాతే తెలిసింది. 1920లోనే థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, లెక్కలూ భాషా వచ్చిన తెలివి వేరు, మనుషులతో మెలిగే తెలివి వేరు అని రాశాడు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు వెబ్‌స్టర్ నిఘంటువు ముందేసుకుని, మనిషి స్వభావాన్ని వర్ణించే మాటలు ఎన్నున్నాయో ఏరితే దాదాపు 18,000 తేలాయట! మాకిచ్చిన గడి రెండంగుళాలు. 1990లో సాలొవే, మేయర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ‘భావోద్వేగ ప్రజ్ఞ’ అనే మాటను శాస్త్రంలోకి తెచ్చారు. తన మనసులో ఏం జరుగుతోందో గుర్తించడం, ఎదుటివాడి మనసులో ఏం జరుగుతోందో పట్టుకోవడం, ఆ రెంటినీ బట్టి నడుచుకోవడం, ఇదీ స్థూలంగా దాని అర్థం. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం రాసి దాన్ని ఇంటింటి మాట చేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు అననే అన్నారు కదా అని మీరనవచ్చు. నిజమే. కాని ఆ మంచి నోరు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నదే ఇక్కడ ప్రశ్న.

గోల్‌మన్ పుస్తకం వచ్చిన మూడేళ్ళకు మన మాదాపూర్ మారిపోయింది. దుర్గం చెరువు అవతల రాతి గుట్టలు తప్ప మరేమీ ఉండని చోటు అది. బంధువులెవరైనా అక్కడ స్థలం కొన్నారంటే నవ్వుకునేవాళ్ళం. (నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.) 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. చంద్రబాబునాయుడు అప్పటి ముఖ్యమంత్రి. ఎల్ అండ్ టి వారు కట్టిన ఆ పది అంతస్తుల భవనాన్ని చూడటానికి ఆదివారాలు జనం కుటుంబాలతో వెళ్ళేవారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ వారు హైదరాబాదులో తమ అభివృద్ధి కేంద్రం పెట్టారు. ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. ఆ ట్రిపుల్ ఐటీలోనే తర్వాత కొన్నేళ్ళకు ఇంజనీరింగు పిల్లలకు మానవ విలువల కోర్సు పెట్టారు.

అక్కడికి వెళ్ళిన మన పిల్లలకు సి.ఆర్. లేదు. కాని అంతకంటే కఠినమైనది ఎదురైంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, ఉద్యోగుల్లో పైన ఇరవై శాతం, మధ్యలో డెబ్బయి శాతం, అడుగున పది శాతం అని విడదీయాలి. అడుగువాళ్ళు సర్దుకోవలసిందే. గీస్తే గంట ఆకారంలో వస్తుంది కనుక బెల్ కర్వ్ అన్నారు. దీని చిత్రం ఏమిటంటే, జట్టులో పదిమందీ బాగా చేసినా ఒకణ్ణి అడుగున పెట్టి తీరాలి. మన సి.ఆర్.లో పక్షపాతం ఉండేది, భయం ఉండేది, కాని ఎవరో ఒకణ్ణి ముంచమనే నిబంధన మాత్రం లేదు.

కాల్ సెంటర్ల సంగతి మరోరకం. అమెరికా పగలు మనకు రాత్రి కనుక, పిల్లలు రాత్రంతా మేలుకుని, పేరు మార్చుకుని, యాస మార్చుకుని, తిడుతున్న ఖాతాదారుకు చిరునవ్వు గొంతుతో జవాబు చెప్పాలి. ఆ నవ్వే వాళ్ళ డ్యూటీ. హాక్స్‌చైల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల మీద పుస్తకం రాస్తూ దీన్ని ‘భావోద్వేగ శ్రమ’ అన్నారు. మూటలు మోస్తే నడుం నొప్పి పుట్టినట్టే, లేని నవ్వు మోస్తే మరొకచోట నొప్పి పుడుతుందన్నది దాని సారాంశం.

ఇక 2009 జనవరి 7. ఆ రోజు టీవీ ముందు కూర్చోని పింఛనుదారు ఉండడు. 1987లో రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనేలేదని ఆయనే లేఖ రాశారు. పులి మీద ఎక్కినవాడు దిగలేక స్వారీ చేసినట్టయిందని ఆ లేఖలో ఆయనే అన్నారు. కొన్ని నెలల ముందే, 2008లో, ఉత్తమ కార్పొరేటు పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు పొందిన కంపెనీ అది. తర్వాత ఆ అవార్డును వెనక్కి తీసుకున్నారు. ఇంకోవైపు, మనలో చాలామంది ప్రాణాలు కాపాడిన 108 అంబులెన్సును 2005 ఆగస్టు 15న మన నగరంలో మొదలుపెట్టిన సంస్థ వెనక ఉన్నదీ ఆయనే. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం ఆయనకూ మరి తొమ్మిదిమందికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. ఆపైన అప్పీలులో బెయిలు వచ్చింది. ఈ మనిషికి సి.ఆర్. రాయమంటే ‘నిజాయితీ’ గడిలో ఏం రాస్తాం, ‘ప్రజలతో సంబంధాలు’ గడిలో ఏం రాస్తాం? నాకు తోచలేదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ తర్వాతి మూడు నెలలు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్ మొదలైనవారిని వేసింది. జీతాలు వస్తాయో రావో తెలియని వేలమంది పొద్దున్నే బ్యాడ్జీ మెళ్ళో వేసుకుని పనికి వెళ్ళారు. విదేశీ ఖాతాదారులకు ధైర్యం చెప్పవలసినవాళ్ళు, తమకే ధైర్యం లేనివాళ్ళు! సంస్థలోనే చాలాకాలం పనిచేసిన ఎ.ఎస్. మూర్తిగారిని ఫిబ్రవరి 5న సి.ఇ.ఓ.గా పెట్టారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది. కొత్త యాజమాన్యం ఆ వేసవిలో వేలమందిని ‘వర్చువల్ పూల్’ అని పక్కన పెట్టి బేసిక్ జీతం మాత్రమే ఇచ్చింది, అదీ నిజమే. అయినా సంస్థ కూలిపోలేదు. ఖాతా పుస్తకాల్లో డబ్బు లేకపోయినా కుర్చీల్లో మనుషులున్నారు గనుక నిలబడిందని నా అభిప్రాయం.

మన బేగంపేట పబ్లిక్ స్కూలు విద్యార్థి సత్య నాదెళ్ళ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్‌గారు 1962 బ్యాచ్ ఐ.ఏ.ఎస్., ముస్సోరీ అకాడమీకి డైరెక్టరుగా చేసినవారు, ఆ తరం అధికారుల్లో గౌరవంగా చెప్పుకునే పేరు. సత్య 1992లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, రోడ్డు మీద పసిపాప పడిపోయి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగారట. ఈయన అదేదో కంప్యూటరు లెక్క అనుకుని, ఆలోచించి, అత్యవసర నంబరుకు ఫోను చేస్తానన్నాడట. ముందు పాపను ఎత్తుకోవాలయ్యా, నీకు సానుభూతి తక్కువ అన్నారట. ఇది ఆయనే 2017లో తన పుస్తకంలో రాసుకున్నారు. 1996లో పుట్టిన కొడుకు జెయిన్ సెరిబ్రల్ పాల్సీతో కుర్చీకే పరిమితమయ్యాడు. తన బాధ గురించి కాక ఆ బిడ్డ బాధ గురించి ఆలోచించడం భార్యను చూసి నేర్చుకున్నానని ఆయన చెప్పుకున్నారు. ఆ అబ్బాయి 2022లో చనిపోయాడు.

2014 ఫిబ్రవరి 4న ఆయన మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. ఉద్యోగులను వరసలో పెట్టి కిందివాళ్ళను తోసేసే పద్ధతిని ఆ కంపెనీ 2013 నవంబరులోనే, ఆయన రాకముందే, ఎత్తివేసింది. కాబట్టి ఆ ఘనత మొత్తం ఆయనకే కట్టనక్కరలేదు. ఆ ఏడాది జులైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించిందీ ఆయనే. అక్టోబరులో స్త్రీ ఉద్యోగుల సభలో, జీతం పెంచమని అడగనక్కరలేదు, వ్యవస్థను నమ్ముకోండి, అదే మంచి కర్మ అనే అర్థం వచ్చేలా మాట్లాడి, అందరూ తప్పుపడితే అదేరోజు తప్పు ఒప్పుకున్నారు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఇంటర్వ్యూలో తప్పినట్టే తప్పారు. తేడా ఏమిటంటే ఈసారి వెంటనే తెలుసుకున్నారు.

మన ఫారానికి వస్తాను. బోర్డర్ రోడ్స్‌లో దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఒక సంవత్సరం ‘గుడ్’ అని రాశారు. ప్రమోషనుకు ‘వెరీ గుడ్’ కావాలి. ‘గుడ్’ చెడ్డ మాట కాదు గనుక ఆయనకు చెప్పనక్కరలేదన్నారు. ఆయన కోర్టుకెక్కారు. 2008 మే 12న సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయాలని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన రిటైరైపోయారు! మరుసటి ఏడు మే నెలలో కేంద్రం ‘కాన్ఫిడెన్షియల్’ అనే మాటే తీసేసి, ఆపార్ అని కొత్త పేరు పెట్టి, రిపోర్టు మొత్తం ఉద్యోగికి చూపాలని ఉత్తర్వు ఇచ్చింది. అధికారుల కొత్త ఫారాల్లో పనికి నలభై శాతం, సామర్థ్యానికి ముప్ఫై, వ్యక్తిగత గుణాలకు ముప్ఫై.

ఆ తీర్పు పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 1980ల చివర నా సెక్షనులో ఒక యు.డి.సి. ఉండేవాడు. ఫైలు అతని చేతిలో పడితే ఆగేది కాదు. కాని ఒక ఏడాది మనిషి మారిపోయాడు. కౌంటరు దగ్గర విసుగు, ఫోను ఎత్తితే విసుగు. ఒకనాడు ఒక ముసలాయన మీద గట్టిగా అరిచాడు. నేను పిలిచి అడగలేదు. ‘స్వభావం సరిలేదు’ అని రాస్తే అతనికి మెమో వెళ్తుంది, వచ్చి నన్ను నిలదీస్తాడు. అందుకని మర్యాదగా ‘యావరేజి’ అని రాసి కవరు అంటించాను. యావరేజి అంటే చెప్పనక్కరలేదు. ఆ తర్వాతి రెండు డి.పి.సి.ల్లోనూ అతని పేరు రాలేదు. ఆ ఏడాదంతా అతను రాత్రిళ్ళు ఉస్మానియా ఆస్పత్రి వరండాలో తల్లి పక్కన పడుకుని పొద్దున్నే ఆఫీసుకు వచ్చేవాడని మూడేళ్ళకు ఇంకెవరో చెప్పారు.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి, కొండాపూర్‌లో ఉంటుంది, ఒక రాత్రి ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. జట్టులో ఎనిమిదిమంది, ఒకరిని అడుగున వెయ్యాలి. ‘‘ఎవర్ని వెయ్యను నాన్నా?’’ అంది. నేను ఈ కథ చెప్పాను. మర్నాడు ఎనిమిదిమందినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. చివరికి ఒక పేరు రాయక తప్పలేదు, కాని ముందు ఆ కుర్రవాడికి చెప్పి రాసింది. అతను ఏడ్చాడట. ఇదీ ఏడ్చింది.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్తే వరసలో నా ముందు అతనే ఉన్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. కాసేపు పిల్లల సంగతులయ్యాక, గొంతు పెగుల్చుకుని ‘‘ఆ ఏడాది నీ సి.ఆర్....’’ అన్నాను.

‘‘తెలుసు సార్. మీరు కవరు అంటించిన మర్నాడే తెలుసు. మన ఆఫీసులో కాన్ఫిడెన్షియల్ ఏముంది?’’ అన్నాడు.

మరి ఎందుకు అడగలేదన్నాను.

‘‘మీరూ అడగలేదు కదా సార్,’’ అన్నాడు. అని, నేను మోకాలు పట్టుకోవడం చూసి, పక్కనున్న కుర్చీ లాగి, ‘‘కూర్చోండి, మీ నంబరు నేను చూస్తాను’’ అన్నాడు.