బేగంపేట: విమానాలు తరలిపోయిన తరువాత

రోడ్లు, రైళ్లు, విమానాశ్రయాలు వచ్చాక పట్టణాలు ఎలా పెరిగాయో ముందు పాఠాల్లో చదివారు. మరి ఒక విమానాశ్రయం మూతపడితే ఆ నేల ఏమవుతుంది? చరిత్ర రచన సాధారణంగా ప్రారంభోత్సవాల దగ్గరే ఆగిపోతుంది. మనం అక్కడి నుంచి ముందుకు వెళదాం. ఇందుకు హైదరాబాదులోని బేగంపేట మంచి ఉదాహరణ.

నిజాం కుమార్తెకు కట్నంగా ఇచ్చిన ప్రాంతం కనుక దానికి బేగంపేట అనే పేరు వచ్చిందని చెబుతారు. అక్కడ 1930లలో హైదరాబాదు ఏరో క్లబ్బు కార్యకలాపాలు సాగాయి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఆ మైదానాన్ని నగరం క్రమంగా నాలుగు వైపులా చుట్టేసింది.

2004లో షంషాబాదు విమానాశ్రయానికి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్లపాటు పోటీగా మరో పౌర విమానాశ్రయం ఉండకూడదు. బేగంపేటను మూయవద్దని 2008 మార్చిలో విమానాశ్రయ ఉద్యోగులు ఆందోళన చేసినా ఫలితం లేకపోయింది. ఆ నెల 23న ప్రయాణికుల విమానాలు షంషాబాదుకు తరలిపోయాయి. అయితే ఆ నేల ఖాళీ అయిందనుకోకండి. వైమానిక దళం అక్కడే ఉంది. ప్రముఖుల విమానాలు ఇప్పటికీ దిగుతున్నాయి.

అదే ఏడాది అక్టోబరులో అక్కడ జాతీయ విమానయాన ప్రదర్శన జరిగింది. ఇప్పుడు 'వింగ్స్ ఇండియా' పేరుతో రెండేళ్లకోసారి జరుగుతోంది. వారపు సంత జరిగే మైదానం మిగిలిన ఆరు రోజులు ఎలా ఉంటుందో ఏజెన్సీలో ఉన్న మీకు తెలుసు. బేగంపేట కూడా అలాంటిదే. నాలుగు రోజుల సందడి ముగిశాక మళ్లీ ప్రహరీ వెనక నిశ్శబ్దం. అయితే సంతలో లేని ప్రమాదం ఇక్కడ ఉంది. 2010 మార్చి 3న ప్రదర్శనలో నౌకాదళ విన్యాస విమానం ఒకటి దగ్గరలోని ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. జనావాసాల నడుమ ఇలాంటి విన్యాసాలు తగునా అన్న ప్రశ్నను ఆ ప్రమాదం ముందుకు తెచ్చింది. నా దృష్టిలో ఈ ప్రదర్శనకన్నా స్థిరమైన పునర్వినియోగం పౌర విమానయాన పరిశోధన సంస్థ. 2024 మార్చిలో దానిని ప్రారంభించారు.

ఇతర దేశాల అనుభవం వేరు. హాంకాంగ్‌లో 1998లో మూతపడిన కైటాక్ స్థలంలో నివాస భవనాలు, ఓడల టెర్మినల్ వచ్చాయి. 2025లో పెద్ద క్రీడా ప్రాంగణం తెరిచారు. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ 2008లో మూతపడి, తరువాత ప్రజల మైదానమైంది. అక్కడ ఇళ్లు కట్టాలన్న ప్రభుత్వ ప్రణాళికను 2014లో పౌరులు ఓటు వేసి తిరస్కరించారు. బేగంపేట విషయంలో నగర ప్రజలను అలా ఎవరూ అడగలేదు.

వదిలేసిన నేలకూ ఖరీదు ఉంటుంది. నిజాం కాలంలోనే వెలసిన వరంగల్ మామునూరు విమానాశ్రయంలో 1981లో సేవలు నిలిచిపోయాయి. దానిని తిరిగి తెరవాలంటే షంషాబాదు సంస్థ పై షరతును సడలించవలసి వచ్చింది. చేతిలో సుమారు 700 ఎకరాలు ఉన్నా, మరో 250 ఎకరాలకు పైగా రైతుల నుంచి సేకరించవలసి వచ్చింది.

చట్టం ఏమంటుంది? 2013 భూసేకరణ చట్టంలోని 101వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసుకున్న నాటి నుంచి 5 ఏళ్లపాటు వాడకుండా ఉంచిన భూమిని పూర్వపు యజమానికి గాని, ప్రభుత్వ భూమి బ్యాంకుకు గాని ఇవ్వాలి. 'గాని' అన్న మాటను గమనించండి. యాభై ఏళ్లు వాడి, అవసరం తీరాక వదిలేసిన భూమి సంగతి ఈ సెక్షన్ చెప్పదు. పోలవరం కోసం దేవీపట్నం మండలంలో ఊళ్లు ఖాళీ అవడం చూసిన రంపచోడవరం విద్యార్థికి ఈ ఖాళీ చిన్నదిగా కనిపించదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1970 నాటి 1వ నిబంధన ఉన్నా, ప్రజాప్రయోజనం పేరిట ప్రభుత్వం చేసే సేకరణను అది ఆపలేదు.

అభ్యాసం: మీ మండలంలో ప్రభుత్వం ఒక అవసరానికి తీసుకొని, ఇప్పుడు వేరొక దానికి వాడుతున్న స్థలాన్ని ఒకదానిని ఎంచుకోండి. మొదట అది ఎవరి సాగులో ఉండేదో ఊరి పెద్దలను అడగండి. వారు చెప్పినదానిని తహసీల్దారు కార్యాలయంలోని పాత అడంగల్‌తో పోల్చి ఒక పేజీ రాయండి. రెండూ కలవకపోతే ఆ తేడానే రాయండి.