పత్తి తెచ్చిన బంగారం



మొన్న మధ్యాహ్నం మా ఎదురింటి పిన్నిగారు పేపరు చేత్తో పట్టుకుని వచ్చారు. మొహంలో కళ లేదు. చీటీ పాడుకున్న డబ్బుతో ఆవిడ షేర్లు కొన్నారు, మరిదిగారు కొనమన్నారని. నాలుగు నెలలు తిరక్కుండా ధర సగానికి పడిపోయింది. "అమ్మాయ్, వచ్చినకాడికి అమ్మేయనా, ఉంచనా? మీ బాబాయిగారికి ఇంకా చెప్పలేదే" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇలాంటి భయంతోనే నేనూ ఒకసారి ఉన్నవి తెగనమ్మి, ఏడాది పొడుగునా విచారించినదాన్ని. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి బొంబాయి కథ చెప్పాను. అదే మీకూ చెబుతాను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించాయి. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తే ఆధారం. అది ఆగేసరికి వాళ్ళ చూపు మన దేశం మీద పడింది. మన కాకినాడ రేవు నుంచి కూడా బేళ్ళు వెళ్ళాయి గాని, అసలు సందడంతా బొంబాయిదే. పరుపులు విప్పి పాత దూది కూడా అమ్ముకున్నారట!

డబ్బు వచ్చి పడితే ఊరుకుంటారా? పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి. 1865 నాటికి ఆ ఒక్క ఊళ్ళోనే ముప్ఫై దాకా బ్యాంకులు! సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామని బ్యాక్ బే కంపెనీ పెట్టారు. దాని 5,000 రూపాయల వాటా 50,000 దాకా పలికింది. అప్పటికి పూడ్చిన నేల ఎంతని ఎవరూ అడగలేదు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ కొన్నాడా, లేదా? అదొక్కటే కావాలి అందరికీ. ఆయన ఆనాటి షేర్ దళారులందరికీ పెద్ద. ఆయన మాట చెల్లితే బ్యాంకు అప్పు పుట్టేది.

పైగా వాయిదా బేరాలొకటి. ఇవాళ ధర ఒప్పుకుని, డబ్బు ఫలానా తేదీకి కడతానంటే చాలు. చేతిలో పైసా లేనివాళ్ళు కూడా లక్షల సరుకు కొన్నారు. అలాంటి పెద్ద వాయిదా ఒకటి 1865 జూలై 1.

ఏప్రిల్ 9న అమెరికాలో దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు. ఆ వార్త బొంబాయి చేరేసరికి పత్తి ధర కూలింది, దానితో షేర్లూ కూలాయి. జూలై 1న కట్టవలసినవాళ్ళు చేతులెత్తేశారు. బ్యాక్ బే వాటా 2,000 లోపుకు దిగింది. షేర్లు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకు వాటా 2,850 నుంచి 87కి పడి, 1868లో ఆ బ్యాంకే మూతపడింది.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెప్పాలి. ఓపిక పట్టండి అని అందరూ సలహా ఇస్తారు. అప్పు తెచ్చి కొన్నవాడు ఓపిక ఎక్కణ్ణుంచి తెస్తాడు? వాయిదా నాడు అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు. పోనీ బ్యాక్ బే వాటాలను సొంత డబ్బుతోనే కొని దాచుకున్నవాళ్ళూ బాగుపడలేదు. కాగితం తప్ప అక్కడేమీ లేదు మరి.

ప్రేమ్‌చంద్ కూడా ఆస్తి పోగొట్టుకున్నాడు. అయితే పతనానికి ముందే బొంబాయి విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళంతో, తల్లి పేర రాజాబాయి గడియార స్తంభం 1878లో పూర్తయింది. ఆవిడ జైన నిష్ఠాపరురాలు, పొద్దు గుంకకముందే భోంచేయాలి, చూపు ఆనదు కనుక గంటలు విని వేళ తెలుసుకునేదని చెబుతారు.

ఆ పతనంలో నష్టపోయినవాళ్ళలో నవసారి పార్సీ కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి కొడుకు జంషెట్జీ టాటా అప్పుడు లండనులో ఉన్నాడు, వయసు పాతికేళ్ళ పైమాట. అప్పులవాళ్ళకి లెక్కలన్నీ దాచకుండా చూపించాడు. వాళ్ళు అతన్ని నమ్మి, వ్యవహారం చక్కబెట్టే పని అతనికే అప్పగించారు.

చెయ్యి కాలినవాడు మళ్ళీ పత్తి జోలికి పోడనుకుంటాం కదండీ. ఈయన పత్తికే వెళ్ళాడు, కాని దాన్ని బేరమాడడానికి కాదు, వడకడానికి. మిల్లంటే అందరూ బొంబాయి అనేవారు. ఈయన పత్తి పండే చోటే, బొగ్గు దగ్గర దొరికే నాగపూరును ఎంచుకున్నాడు. కొన్న నేల చిత్తడి నేల. అప్పివ్వమంటే అక్కడి మార్వాడీ షావుకారు, "మట్టి పోసి గుంటలు పూడ్చేవాడికి డబ్బెవరిస్తారు? బంగారం తీసుకెళ్ళి భూమిలో పాతిపెట్టినట్టే" అన్నాడట.

1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు మొదలైంది. తొలిరోజుల్లో చవకరకం యంత్రాలు తెచ్చి చిక్కులుపడ్డారు, మార్చి మంచివి పెట్టుకున్నారు. మొదట పెదవి విరిచినవాళ్ళకే తర్వాత ఆ వాటాలు ముద్దొచ్చాయి. ఆయన భూమిలో పోసింది మట్టే, తీసింది బంగారమని ఆ షావుకారే ఒప్పుకున్నాడని చెబుతారు.

పిన్నిగారు ఇదంతా శ్రద్ధగా విని, "అయితే అమ్మనా, వద్దా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. "చీటీ వాయిదాలు దేనితో కడుతున్నారు?" అని అడిగాను.

"ఇంటిఖర్చులో మిగిల్చే కడుతున్నానే, ఇబ్బంది లేదు."

"మరి ఆ కంపెనీ ఏం తయారుచేస్తుంది?"

ఆవిడ ఒక్క క్షణం నావంక చూశారు. "అడగనే లేదమ్మాయ్. సాయంత్రం మరిదిగారు వస్తారు, కనుక్కుంటాను" అని లేచారు. పేపరు మా బల్ల మీదే మరిచిపోయి వెళ్ళారు.