మొదటియేటి వ్యాసము

ఉన్నత పాఠశాలను దాటి కళాశాలలో నడుగిడిన బాలబాలికలకు చదువను వ్రాయను రాదను మొఱ నేడు పుట్టినది కాదు. తల్లిదండ్రులు అధ్యాపకులను, అధ్యాపకులు క్రింది తరగతుల గురువులను, వారు మరల తల్లిదండ్రులను నిందించుట పెక్కు దేశములందు గలదు. ఈ మొఱను మాన్పుటకు పూర్వులు చేసిన యత్నములెట్టివో, అవి యెచ్చట దారి తప్పెనో తెలిసికొనుట, బిడ్డలను కళాశాలకు బంపు గృహస్థులకు నిష్ప్రయోజనము కాదని తలచెదను.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు 1869లో చార్లెసు ఇలియటు అధ్యక్షుడయ్యెను. అంతవరకు నచ్చట గ్రీకు, లాటిను భాషలకే పెద్దపీట. విద్యార్థి తన యింట మాటలాడు భాషలో నాలుగు వాక్యములు చక్కగా వ్రాయగలడా యని యడిగినవారు తక్కువ. ఇలియటు ఈ లోపమును గుర్తించి, పూర్వము పత్రికారచనలో నారితేరిన ఆడమ్సు షెర్మను హిల్లును 1872లో అధ్యాపకునిగా గొనివచ్చెను. 1874 మొదలుకొని కళాశాలలో జేరగోరువారెల్లరు నొక చిన్న యాంగ్లవ్యాసము వ్రాయవలసి వచ్చెను. వ్యాసవిషయమును ముందుగా బ్రకటించిన గ్రంథములనుండియే యిచ్చువారు. షేక్స్పియరు నాటకములు మూడు, స్కాటు రచనలు రెండు, గోల్డుస్మిత్తు వ్రాసిన 'వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు' ఆ మొదటి పట్టికలో నుండెను. ఈ కడపటిదే మన వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖరచరిత్రము'నకు బ్రేరకమైన గ్రంథము.

చదివిన దానిని గూర్చియే వ్రాయుమనుట మంచి యాలోచన. విత్తనము మంచిదే, పండిన పంట వేఱు. పరీక్షకులు వ్యాసమున జూచినది వర్ణక్రమము, విరామచిహ్నములు, వ్యాకరణము, పదముల కూర్పు. పుస్తకమును విద్యార్థి యెట్లు గ్రహించెను, తాను జెప్పిన మాటకు పుస్తకమున నాధారమెచ్చట నున్నది యను ప్రశ్న వెనుకబడెను. గ్రంథము వ్యాసమునకు మిషగా మాత్రము మిగిలెను. 1879 నాటి పరీక్షలో దాదాపు సగముమంది తప్పిరి. 1885లో ఆంగ్లరచనను రెండవయేటినుండి మొదటియేటికి మార్చిరి. పిమ్మట విచారణసంఘమొకటి యేర్పడెను. అందొకడు పత్రికాసంపాదకుడు, మఱియొకడు రైల్వేసంస్థ కధ్యక్షత వహించినవాడు. వారు విద్యార్థుల చేవ్రాతలను ఉన్నవి యున్నట్లే అచ్చొత్తించి లోకమునకు జూపి, దోషమంతయు క్రింది పాఠశాలలదని తేల్చిరి. 1897 నాటికి హార్వర్డులో విద్యార్థులెల్లరు దప్పక చదువవలసినది మొదటియేటి రచనాపాఠమొక్కటియే యయ్యెను. రోగము పోలేదు, మందు మాత్రము నిత్యమయ్యెను!

వ్యాసములు వ్రాయించుట సులభము, చదువుట కష్టము. మిచిగను విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ న్యూటను స్కాటు అను పండితుడు ఒక్క సంవత్సరములో మూడువేలకు మించిన వ్యాసములను దాను చదివినట్లును, అందు బెక్కులు 216 మంది గల యొక్క తరగతివే యైనట్లును చెప్పుకొనెను. అన్ని కాగితములు ముందు బెట్టుకొన్న మానవునకు ఎఱ్ఱసిరాతో అక్షరదోషములను సున్న చుట్టుటకంటె నెక్కువ పని చేయ నోపిక యెట్లుండును? ఆతని శిష్యురాలు గెర్ట్రూడు బక్కు ఈ చిక్కునుండి యొక త్రోవ కనుగొనెను. ఆమె 1898లో మిచిగనులో డాక్టరు పట్టమునందెను; వాసరు స్త్రీకళాశాలలో నధ్యాపకురాలుగా నుండి, 1899లో వాదరచనను గూర్చి యొక పాఠ్యగ్రంథమును ప్రకటించెను. తర్కసూత్రములను ముందు వల్లె వేయించి పిమ్మట వాదింపజేయుట యామె పద్ధతి కాదు. విద్యార్థినులు తమకు దెలిసిన విషయముపై దామే వాదించి, ఆ వాదమును విప్పి చూచుకొని, అందు దాగియున్న సూత్రమును దామే వెలికి దీయవలెను. స్త్రీలకు దర్కము పనికిరాదని పెద్దలు పలుకుచుండిన కాలమున నిట్టి పాఠము ఆడుపిల్లల తరగతిలో బుట్టుట గమనింపదగినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపితమయ్యెను. 1904 నాటి విశ్వవిద్యాలయముల చట్టమునకు బిమ్మట ఎఫ్.ఏ. పరీక్షకు మాఱుగా ఇంటర్మీడియేటు వచ్చెను. దానితో దేశభాషావ్యాసరచనయు వచ్చెను. తెలుగు బాలుడు కళాశాలలో దెలుగున స్వంతముగా వ్యాసము వ్రాయవలె నన్నంతనే యొక ప్రశ్న లేచెను: ఏ తెలుగున? గిడుగు రామమూర్తి పంతులుగారును, గురజాడ అప్పారావుగారును శిష్టవ్యవహారమునకు బూనుకొనిరి. జయంతి రామయ్య పంతులుగారును, 1911లో వెలసిన ఆంధ్రసాహిత్యపరిషత్తును గ్రాంథికమును గాచిరి. 1913లో నిరుపక్షములవారును తమ వాదములను ఆంగ్లగ్రంథములుగా బ్రకటించిరి. 1914లో అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. నాటికి గెలుపు గ్రాంథికపక్షమునదే. కాలక్రమమున గెలిచినది వ్యవహారభాష. ఈ వాక్యములు గ్రాంథికమున నున్నవి గనుక నేనొక పక్షమువాడనని చదువరులు తలపవలదు. నేనడుగునది వేఱు. ఆ బాలుడు ఏ విభక్తితో, ఏ క్రియారూపముతో వ్రాయవలెనో యని యింత చర్చ జరిగినదిగదా. ఏమి చదివి వ్రాయవలెను, చెప్పినదానికేమి చూపవలె నను చర్చకు పరీక్షాపత్రమున నెంత చోటు దక్కెను?

ఇచ్చట నొక వింత గలదు. ఇంత పోరాడిన రామమూర్తి పంతులుగారును రామయ్య పంతులుగారును ఇరువురును శాసనపరిశోధకులు. రామమూర్తిగారు ముఖలింగ దేవాలయములోని శాసనములను జదువుటకై ప్రాచీనలిపులను స్వయముగా నేర్చుకొనిరి. గాంగరాజుల తామ్రశాసనమును 'ఎపిగ్రాఫియా ఇండికా'లో బ్రకటించిరి. రామయ్యగారు తెలుగు శాసనముల సంపుటమున కెంతయో శ్రమించిరి. అది వారి నిర్యాణానంతరము 1948లో వెలువడెను. శాసనము నచ్చొత్తించువాని నియమము కఠినము. మొదట మూలమును పంక్తిపంక్తిగా, సంఖ్యలు వేసి, ఉన్నది యున్నట్లు చూపవలెను. చెరిగిన యక్షరమును తానూహించినచో దానిని కుండలీకరణమున బెట్టి, ఇది నా యూహయని తెలుపవలెను. సందేహమున్నచోట ప్రశ్నచిహ్నము వేయవలెను. అటుపిమ్మటనే యర్థము, అటుపిమ్మటనే యభిప్రాయము. నమ్మనివాడు ఱాతికడకు బోయి తానే చూచుకొనవచ్చును. చదువుట, ఆధారము చూపుట, విమర్శించి వ్రాయుట యను మూడును ఈ యొక్క పనిలో నిమిడియున్నవి. ఉభయపక్షముల పెద్దలకును కరతలామలకమైన యీ విద్య, వారు పోరాడిన యా మొదటియేటి విద్యార్థి బల్లమీదికి మాత్రము రాలేదు. ఆతనికి దక్కినది భాషను గూర్చిన భయము.

ఆధారము చూపుట పాశ్చాత్యుల యాచారము, మనకేల యనువారు కొందఱు గలరు. కోలాచల మల్లినాథసూరి తెలుగునేలవాడు. కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయుచు, మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు మొదటనే ప్రతిజ్ఞ చేసెను. పదమున కర్థము చెప్పినచోట నది యమరమందలిదో, విశ్వకోశమందలిదో పేరు జెప్పకుండ సాగినది యరుదు. మన పండితుల నోట 'ఇత్యమరః' అనుమాట సామెతవలె నాడుచునే యున్నది. పూర్వపక్షమును ఎదుటివాడొప్పుకొనునంత న్యాయముగా జెప్పి పిమ్మట ఖండించుట శాస్త్రగ్రంథముల నడక. ఇట్టి వారసత్వము గల యింట బుట్టిన బాలుడు గైడుపుస్తకములోని పేరాను పేరు చెప్పక యెత్తివ్రాసినచో దానిని మన సంప్రదాయమనుట యెట్లు?

ఇప్పుడీ మాట మునుపటికంటె నవసరమైనది. తప్పులేని వాక్యమును కంప్యూటరే క్షణములో గూర్చి యిచ్చుచున్నది. హార్వర్డు పరీక్షకులు 1874లో వెదకిన వర్ణక్రమశుద్ధి, విరామశుద్ధి నేడు యంత్రమున కతిసులభము. కావున శుద్ధమైన వాక్యము చదివినవాని గుర్తు కాదు. చదివినవాని గుర్తు మఱియొకచోట వెదకవలెను.

ఎచ్చట వెదకవలెనో చెప్పుటకు అద్దంకి శాసనము చాలును. తొమ్మిదవ శతాబ్దమున గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని గూర్చి తరువోజ పద్యముగల చిన్న శాసనమది. దాని పాఠమును పంక్తిసంఖ్యలతో తరగతిలో బంచి, చదివి మూడు వాక్యములు వ్రాయుడని కోరినచో నెట్టివి వచ్చునో యూహింపుడు. ఒకడు నన్నయకు బూర్వమే తెలుగున పద్యమున్నదని వ్రాయును. మంచిదే, పద్యము ఱాతిమీదనే యున్నది. కాని నన్నయ కాలము ఱాతిమీద లేదు, దాని కింకొక యాధారము దేవలెను. రెండవవాడు పండరంగడు పండ్రెండు బోయకొట్టములను బట్టెనని వ్రాయును. పట్టెనని శాసనము చెప్పుచున్నదని వ్రాయుట మేలు. చెప్పినది గెలిచినవాని పక్షము, ఓడినవారు ఱాయి చెక్కింపలేదు. మూడవవాడు బోయలు నాగరికతలేని మూకలని వ్రాయును. ఇది యింట వినినదో, పాత పాఠ్యపుస్తకమున జదివినదో కావచ్చును.

అధ్యాపకుడప్పుడు కోపింపక, 'నాయనా, ఇది యెన్నవ పంక్తి?' అని యడుగవలెను. బాలుడు కాగితమును మొదటినుండి తుదివరకు వెదకును. దొరకదు. మరల వెదకును. వెదకి వెదకి, ఆ వాక్యమును దానే కొట్టివేసి, మిగిలిన రెంటిని సవరించి, ప్రక్కను పంక్తిసంఖ్య వేసి యిచ్చినచో, ఆ కాగితమే యాతని మొదటి వ్యాసము.