క్లచ్ పెడల్‌లో అంగుళం ఆట: దాని వెనక వందేళ్ల కథ



రోటవేటర్ తగిలించి మడిలో దిగినాక ఇంజన్ గొంతు పెరుగుతది, బండి మాత్రం ముందుకు పోదు. కాలిన వాసన వస్తది. మినీ ట్రాక్టర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. "క్లచ్ పోయింది, బండి విప్పాల్సిందే" అని ఎవరో ఒకరు అంటారు. మూడేళ్ల కింద నేనూ ఆ మాట నమ్మి, సరిగ్గా నాట్ల టైముకు బండిని రెండు ముక్కలు చేయించిన. తీసి చూస్తే ప్లేటు బాగానే ఉంది. తప్పు బయట ఉంది. పెడల్ షాఫ్టుకు బురద పట్టి, తుప్పెక్కి, పెడల్ పూర్తిగా పైకి రావడం లేదు. నాలుగు రోజుల దమ్ము ఆగింది, నారు ముదిరింది, కూలి ఖర్చు మీద పడింది.

ఆ తర్వాత అసలు ఈ క్లచ్ ఎక్కడిది, ఎట్లా వచ్చింది అని తెలుసుకోవడం మొదలుపెట్టిన. ఆ చరిత్ర తెలిస్తే రిపేరు సగం తెలిసినట్టే. అందుకే ఈ పొడుగు పోస్టు.

ఎద్దుల బండికి క్లచ్ అక్కర్లేదు. ఎద్దు తనంతట తానే మెల్లగా బలం పట్టి కదులుతుంది. ఇంజన్‌కు ఆ తెలివి లేదు. తిరుగుతూ ఉంటేనే దానికి బలం. ఆగి ఉన్న చక్రానికి తిరిగే ఇంజన్‌ను ఒక్కసారిగా తగిలిస్తే ఇంజన్ ఆగిపోతుంది, లేదంటే గేర్ల పళ్లు విరుగుతాయి. కాసేపు జారుతూ, మెల్లగా పట్టుకుని, చివరికి బిగుసుకునే వస్తువు మధ్యలో ఉండాలి. అంటే క్లచ్ పుట్టిందే జారడానికి. కాకపోతే మనం జారమన్నప్పుడే జారాలి.

తొలినాటి కార్లలో క్లచ్ గరాటు ఆకారంలో ఉండేది, దానికి తోలు తొడిగేవారు. తోలు ఎండితే బండి ఎగిరెగిరి పడేది, నూనె ఎక్కువైతే జారేది. మన తాతలు బండి ఇరుసుకు కందెన చూసుకున్నట్టు, ఆ కాలం డ్రైవర్లు తోలుకు నూనె చూసుకోవాల్సి వచ్చేది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకు లైనింగుల తయారీ మొదలుపెట్టాడు. అక్కడి బండ్లవాళ్లు దిగుడు దారిలో బ్రేకు చెక్కకు పాత బూట్ల తోలు కొట్టుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. ఆయన పేరు అక్షరాలు అటూ ఇటూ మార్చి పెట్టిందే ఫెరోడో అనే బ్రాండు. ఇట్లాంటి లైనింగులే తర్వాత క్లచ్ ప్లేట్లకూ వచ్చాయి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. అందుకే క్లచ్ విప్పినప్పుడు దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి.

1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్‌లో నూనెలో మునిగి తిరిగే అనేక ప్లేట్ల క్లచ్ ఉండేది. తర్వాత పొలం ట్రాక్టర్లలో ఎక్కువగా పాతుకుపోయింది పొడి ప్లేటు క్లచ్. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య లైనింగు ఉన్న ప్లేటు. స్ప్రింగులు దాన్ని ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి. పెడల్ తొక్కినప్పుడు రాడ్డు లాగి, ఫోర్కు తిరిగి, రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఫింగర్లను నొక్కుతుంది. అప్పుడు ప్లేటు వదులవుతుంది. 1950ల్లో మాసే ఫెర్గూసన్ 35 లాంటి బండ్లలో డబుల్ క్లచ్ వచ్చింది. సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీవో తిరుగుతూనే ఉంటుంది.

మన దేశంలో 1947లో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ పెట్టి, యుద్ధం తర్వాత అమెరికా సైన్యం వదిలేసిన ట్రాక్టర్లతో బీడు భూములు దున్నించారు. 1955లో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్ శిక్షణ కేంద్రం వచ్చింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ దేశంలోనే మొదటి ట్రాక్టర్ తయారు చేసింది. 1960లో మద్రాసులో టాఫే, 1970లు మొదలయ్యాక పింజోర్‌లో హెచ్.ఎం.టి., 1974లో దుర్గాపూర్ శాస్త్రవేత్తల డిజైన్‌తో స్వరాజ్ వచ్చాయి. మన వైపు శిక్షణ కోసం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో కేంద్రం పెట్టారు. బండ్లు ఊరూరా వచ్చాయి కానీ శిక్షణ మాత్రం ఊరికి రాలేదు. పాత డ్రైవర్ పక్కన కూర్చుని నేర్చుకున్నదే మన చదువు. క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు కూడా ఆయన దగ్గర నుంచే వచ్చింది.

ఇక మన తిరుమలాయపాలెం సంగతి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. పాలేరు రిజర్వాయర్ ఆ ఎడమ కాలువ మీదే ఉంది. కానీ మన చెలకలు ఎత్తు మీద ఉండటంతో నీళ్లు పక్కనే ఉన్నా మనకు ఎక్కలేదు. పత్తి, మిర్చి, కందులు, బావి కింద కాస్త వరి, ఇదే మన బతుకు. ఆ సాళ్ల మధ్య గుంటక తోలిన ఎద్దుల స్థానంలోకే చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. బెంగళూరు వీఎస్‌టీ వాళ్ల మిత్సుబిషి శక్తి, మహీంద్రా వాళ్ల 15 హెచ్.పి. యువరాజ్ లాంటివి ఈ రకమే. సన్నగా ఉంటాయి, సాళ్లలో పడతాయి, డీజిల్ తక్కువ తాగుతాయి.

2017 జనవరిలో భక్త రామదాసు ఎత్తిపోతల మొదలై పాలేరు నీళ్లు మన మండలానికి ఎక్కాయి. నీళ్లు రాగానే చెలకలు మడులయ్యాయి. పత్తి సాళ్ల కోసం కొన్న చిన్న బండికి మేం దమ్ము చక్రాలు తొడిగి బురదలో దింపాం. చిన్న బండికి చిన్న ప్లేటు. పైగా మడిలో గంటకు ఎన్నిసార్లు మలుపు తిప్పుతామో, అన్నిసార్లు హాఫ్ క్లచ్. ఆ బురదంతా చేరేది పెడల్ షాఫ్టు, రాడ్డు, పిన్నుల దగ్గరే. నా బండి చెడింది అక్కడే.

ఇప్పుడు అసలు మాట. రిలీజ్ బేరింగుకూ ఫింగర్లకూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీయే పైన పెడల్ దగ్గర ఆటగా తెలుస్తుంది. చాలా బండ్లకు అది అంగుళం అటూ ఇటూ ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. లైనింగు అరిగే కొద్దీ ఫింగర్లు బేరింగు వైపు వస్తాయి, పెడల్‌లో ఆట తగ్గుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. ఆట పూర్తిగా పోయిందంటే మీ కాలు పెడల్ మీద లేకున్నా క్లచ్ కాస్త తొక్కినట్టే ఉంటుంది. అప్పుడు ప్లేటు జారుతుంది, వేడెక్కుతుంది, నిజంగానే కాలిపోతుంది. ఆట మరీ ఎక్కువైతే దీనికి ఉల్టా. క్లచ్ పూర్తిగా వదలదు, గేరు వేస్తే కర్రుమంటది.

కాబట్టి బండి విప్పే ముందు ఇవి చూడండి. ఇంజన్ ఆపి, తాళం తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. పెడల్‌ను చేత్తో నొక్కి, గట్టిదనం తగిలే దాకా ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి. వదిలితే టక్కున పైకి రావాలి. రాకపోతే బురద కడిగి, షాఫ్టుకు గ్రీజు పట్టించి, స్ప్రింగు సాగిందో తెగిందో చూడండి. తర్వాత రాడ్డు. లాక్ నట్టు వదులైతే అదురుకు సెట్టింగు దానంతట అదే జారిపోతుంది. పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిందా, షాఫ్టు మీద లివర్ జారుతోందా చూడండి. అరిగిన పిన్ను బదులు మేకు పెట్టొద్దు. లివర్‌ను షాఫ్టుకు వెల్డింగ్ కొట్టించొద్దు, రేపు విప్పాల్సి వస్తే కోయాల్సి వస్తది. సాగిన రంధ్రానికి బుష్ వేయించండి.

ఆట సరిచేయాలంటే లాక్ నట్టు వదులు చేసి, పిన్ను తీసి, రాడ్డు చివరి కొక్కేన్ని కొద్దికొద్దిగా తిప్పి, మళ్లీ పిన్ను పెట్టి కొలవండి. సరిపోయాక కొత్త స్ప్లిట్ పిన్ను వేసి నట్టు బిగించండి. డబుల్ క్లచ్ బండ్లకు లోపల ఇంకో సెట్టింగు ఉంటుంది, దాన్ని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఇంత చేసినా జారుతుంటే, అప్పుడే లోపలి సంగతి. బెల్ హౌసింగ్ కింద రంధ్రం నుంచి నూనె కారుతుంటే సీలు పోయి ప్లేటుకు నూనె పట్టింది. విప్పినప్పుడు సీలు కూడా మార్చండి, లేకుంటే కొత్త ప్లేటుకూ అదే గతి.

తోలు క్లచ్ కాలం నుంచి నేటి దాకా యంత్రం ఎంతో మారింది. కానీ ఎవరో ఒకరు రోజూ చూసుకోవాల్సిన పని మిగిలే ఉంది. ఆ పనిని బయటికి తెచ్చి, ఒక రాడ్డుకూ రెండు నట్లకూ అప్పగించారు, బండి విప్పకుండా రైతే చేసుకోవాలని. తాతకు కందెన డబ్బా ఎట్లాగో మనకు ఆ అంగుళం ఆట అట్లాగే. దమ్ముకు దిగే ముందు రోజు సాయంత్రం ఒక్కసారి పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి.

మీ బండికి ఆట ఎంత ఉందో కొలిచి, మోడల్‌తో సహా కింద రాయండి. పక్క రైతుకు పనికొస్తది.