డిజైన్ బృందాల్లో మేధోమథనం

మేధోమథనం, లేదా బ్రెయిన్‌స్టార్మింగ్, అంటే కొందరు ఒకచోట కూర్చుని, మంచిచెడ్డల విచారణను పక్కనబెట్టి, ఒక సమస్యకు తోచిన పరిష్కారాలన్నీ పైకి చెప్పుకునే పద్ధతి. ప్రకటనల రంగంలో పుట్టి పారిశ్రామిక డిజైన్, ఇంజినీరింగ్, సాఫ్ట్‌వేర్ రంగాలకు పాకింది. పక్కవారి మాట, హోదా, వేగం మనిషి ఊహను ఎటు మళ్లిస్తాయన్న పరిశోధనలో చాలా భాగం దీని చుట్టూనే జరిగింది.

పుట్టుక

అమెరికాలోని బీబీడీఓ ప్రకటనల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన అలెక్స్ ఆస్బర్న్ (1888–1966) దీనికి ఆద్యుడు. ఆ సంస్థలో ఈ సమావేశాలు మొదలైన ఏడాదిని కొందరు 1938 అని, కొందరు 1939 అని రాశారు. బయటివారికి ఈ పద్ధతి తెలిసింది మాత్రం ఆయన పుస్తకాల వల్ల, ముఖ్యంగా 1948 నాటి ‘యువర్ క్రియేటివ్ పవర్’, 1953 నాటి ‘అప్లైడ్ ఇమాజినేషన్’ వల్ల. కాబట్టి ఈ రెండు తేదీలను ఆధారంగా తీసుకోవడమే మేలు. ఆయన పెట్టిన నియమాలు నాలుగు: విమర్శించకూడదు, విడ్డూరంగా తోచినా చెప్పనివ్వాలి, ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది, ఒకరు చెప్పినదానికి మరొకరు మెరుగులు దిద్దాలి. బృందంలో కూర్చున్న మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే రెట్టింపు ఆలోచనలు చెప్పగలడని కూడా ఆస్బర్న్ అన్నారు. తర్వాతి వివాదమంతా ఆ మాట మీదే నడిచింది.

యేల్ ప్రయోగం, తర్వాతివి

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ టేలర్, పాల్ బెర్రీ, క్లిఫర్డ్ బ్లాక్ ఈ మాటను పరీక్షకు పెట్టారు. ఒకవైపు నలుగురేసి విద్యార్థుల బృందాలు. మరోవైపు ‘నామమాత్రపు బృందాలు’, అంటే ఎవరికి వారు విడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను, ఒకే ఆలోచన రెండుసార్లు వస్తే ఒకటిగా లెక్కించి, కలిపినవి. ఇచ్చిన సమస్యల్లో ఒకటి, మనుషుల చేతులకు అదనంగా ఇంకో బొటనవేలు ఉంటే కలిగే లాభనష్టాలు చెప్పమన్నది. విడిగా ఆలోచించినవారి మొత్తమే దాదాపు రెట్టింపు తేలింది. 1987లో జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె అప్పటివరకు వచ్చిన 22 ప్రయోగాలను తిరగేస్తే, 18 చోట్ల ఇదే ఫలితం కనిపించింది.

కారణమేమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. నలుగురిలో ఉన్నప్పుడు పని తప్పించుకునే గుణం ఒకటి చెబుతారు. దీనికి ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మాన్ ప్రయోగాలను మూలంగా చూపడం పరిపాటి. ఆ ప్రయోగాలు 1880లలోవి, ఫలితాలు అచ్చయింది 1913లో. పైగా ఆయన తగ్గుదలను ముఖ్యంగా సమన్వయ లోపానికే ఆపాదించారు. అలసత్వ వాదాన్ని బలంగా నిలబెట్టింది 1979లో లతానె బృందం చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాలు. రెండో కారణం, వినేవాళ్లు ఏమనుకుంటారోనన్న జంకు. మూడోది, ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాల్సి రావడం.

డీల్, ష్ట్రోబె ఈ మూడింటినీ విడదీసి చూశారు. ఒక ప్రయోగంలో ఒక్కొక్కరినీ వేరే గదిలో కూర్చోబెట్టి, మరొకరు మాట్లాడుతున్నట్టు తెలిపే దీపాలు ఎదురుగా పెట్టారు. దీపం వెలిగినంతసేపూ నోరు విప్పకూడదన్న షరతు పెట్టిన వారి ఆలోచనలు బాగా తగ్గిపోయాయి. వింటున్నవారు లేరు, ముఖాలు కనబడవు, అయినా నష్టం జరిగింది. 1991లో ముల్లెన్, జాన్సన్, సలాస్ 20 అధ్యయనాలను క్రోడీకరించి సామాజిక కారణాలవైపే మొగ్గు చూపారు. అయితే కారణాన్ని నేరుగా మార్చి చూసిన ప్రయోగం కనుక ఆగాల్సి రావడమే అసలు కారణమన్న ట్యూబింగెన్ వివరణకు బలం ఎక్కువ. దానికి పాల్ పౌలస్, మేరీ జిందోలెట్ 1993లో జోడించిన అంశమూ ముఖ్యమే. బృంద సభ్యులు ఒకరి వేగానికి ఒకరు సర్దుకుంటారు, ఆ సర్దుబాటు తరచు తక్కువ చెప్పేవారి వైపే జరుగుతుంది.

చూసిన నమూనా పట్టు

డిజైనర్లకు మరో చిక్కుంది. మాటకంటే బొమ్మ గట్టిగా పట్టేస్తుంది. 1991లో డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ ఇంజినీరింగ్ డిజైన్ చేసేవారిని ఒలకని కాఫీ కప్పు గీయమన్నారు. కొందరికి ముందుగా స్ట్రా ఉన్న ఒక నమూనా చూపించి, స్ట్రా వాడొద్దని స్పష్టంగా చెప్పారు. నమూనా చూసినవారి గీతల్లో ఆ స్ట్రాలే మళ్లీ మళ్లీ వచ్చాయి. వద్దని చెప్పడం విరుగుడు కాలేదు. సమావేశంలో మొదట బోర్డుమీదికెక్కిన స్కెచ్ కూడా ఇదే పని చేస్తుందని భావించవచ్చు, అది గీసింది పై అధికారి అయితే మరీను. 1996లో పర్సెల్, గెరో జరిపిన అధ్యయనంలో పారిశ్రామిక డిజైన్ విద్యార్థులు మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థులంతగా నమూనాకు అతుక్కుపోలేదు.

సమర్థన, సవరణలు

లెక్కే సర్వస్వం కాదన్న వాదం 1996లో రాబర్ట్ సటన్, ఆండ్రూ హార్గడన్‌ల నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని ఐడియో డిజైన్ సంస్థను దగ్గరగా చూసి, పాత ప్రాజెక్టుల పరిజ్ఞానం సంస్థలో పంచుకోవడానికి, నైపుణ్యంతో పేరు తెచ్చుకోవడానికి, ఖాతాదారులను మెప్పించడానికి కూడా ఈ సమావేశాలు పనికొస్తున్నాయని వారు రాశారు. ‘విమర్శ వద్దు’ అన్న నియమాన్నే 2004లో షార్లన్ నెమెత్ బృందం ప్రశ్నించింది. అమెరికాలో, ఫ్రాన్స్‌లో ట్రాఫిక్ రద్దీ సమస్యపై జరిపిన ప్రయోగాల్లో, వాదించుకోమని ప్రోత్సహించిన బృందాలు వెనకబడలేదు సరికదా, ఎక్కువ ఆలోచనలు ఇచ్చాయి.

సవరణల్లో పాతది 1968లో జర్మనీలో రోర్‌బాఖ్ ప్రతిపాదించిన 6-3-5 పద్ధతి. ఆరుగురు, ఒక్కొక్కరు మూడేసి ఆలోచనలు, అయిదేసి నిమిషాలకు కాగితం పక్కవారికి. అరగంటలో 108 దాకా వస్తాయి. 2010లో గిరోత్ర, టెర్వీష్, ఉల్రిచ్ నాణ్యతను కూడా కొలిచారు. ముందు విడిగా ఆలోచించి తర్వాత కలిసిన బృందాలు మొదటి నుంచీ కలిసి కూర్చున్నవాటికంటే ఎక్కువ ఆలోచనలు, మెరుగైనవి, ఇచ్చాయి.