రక్తము తిరిగి వచ్చు త్రోవ

మణికట్టు మీద వేళ్లు మోపి నాడి చూచుట మన పెద్దలకు చిరకాలముగా తెలిసిన విద్య. నాడి నడకను బట్టి రోగమును ఊహించిన వైద్యులు పడమటి దేశములలోను ఉండిరి. కాని ఆ రక్తము ఎచటి నుండి వచ్చి ఎచటికి పోవుచున్నది అను ప్రశ్నకు సరియైన సమాధానము 1628లో గాని అచ్చు కాలేదు.

అంతవరకు పాశ్చాత్య వైద్యమునకు గేలెన్ మాటయే వేదము. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున రోము నగరమున వైద్యము చేసిన ఈ గ్రీకు పండితుడు మహామేధావి. ధమనులలో ఉండునది గాలి కాదు, రక్తమేయని చూపినవాడు. అయితే మనుష్య కళేబరమును కోయుటకు ఆనాడు వీలు లేకపోవుటచే కోతులను, పందులను కోసి చూచి మన శరీరమును గూర్చి వ్రాసెను. ఆయన మతమున, తిన్న ఆహారము కాలేయములో రక్తముగా మారును; పొలమునకు పెట్టిన నీరు పొలముననే ఇంకిపోయినట్లు ఆ రక్తము అవయవములలోనే ఖర్చగును. కొంత మాత్రము గుండె నడిమి గోడలోని కంటికానని రంధ్రముల గుండా కుడి నుండి ఎడమకు చేరును. ఆ రంధ్రములు లేవు. అయినను పదునాలుగు వందల యేండ్లు ఉన్నవనియే పాఠము చెప్పిరి.

లేవని వ్రాసినవాడు లేకపోలేదు. 13వ శతాబ్దమున కైరోలో ఇబ్న్ అల్ నఫీస్, ఆ గోడకు త్రోవ లేదు, రక్తము ఊపిరితిత్తుల మీదుగానే ఎడమకు రావలెనని వ్రాసెను. 1924లో బెర్లినులో ఆ వ్రాతప్రతి బయటపడిన పిమ్మటనే ఆయనకు రావలసిన పేరు వచ్చెను.

ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున ఫాబ్రిసియస్ అను ఆచార్యుడు సిరలలోని చిన్న కవాటములను శిష్యులకు చూపుచుండెను. అవి రక్తపు వేగమును తగ్గించుటకని ఆయన తలంపు. ఇంగ్లండు నుండి వచ్చి 1602లో అచట పట్టము పొందిన విలియం హార్వీకి ఆ కవాటములే దారి చూపినవి. అవి గుండె వైపునకు మాత్రమే తెరచుకొనును గదా!

హార్వీ చేసిన పనులలో నాకు మిక్కిలి సొంపుగా తోచునది ఒక చిన్న లెక్క. గుండె ఒక్క స్పందనమునకు అర ఔన్సు రక్తమునే పంపుననుకొందము. అరగంటలో 1000 సార్లైనను కొట్టుకొనును. అనగా 500 ఔన్సులు, 14 కిలోగ్రాములకు పైమాట! ఒడలిలోని రక్తమంతయు కలిపినను అంత లేదు. తిన్న అన్నము నుండి అరగంటకొకసారి అంత రక్తము పుట్టుటెట్లు? పోయినదే తిరిగి రావలెను. ఆయన అంకెలను కావలెననియే తక్కువగా వేసికొనెను. నేటి కొలతల ప్రకారము, విశ్రాంతిగా నున్న పెద్దవారి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్లు పంపును. ఒంటిలోని రక్తము కూడ దాదాపు అంతే.

రెండవ నిదర్శనమును శ్రోతలు ఇంట కూర్చుండియే చూడవచ్చును. మోచేతికి పైగా గుడ్డ కట్టి కొంచెము బిగించినచో ముంజేతి సిరలు ఉబ్బును. అక్కడక్కడ ముడులు కానవచ్చును. అవే కవాటములు. సిరను ఒక వ్రేలితో అదిమి, రెండవ వ్రేలితో పై ముడి దాటునట్లు మోచేతి వైపు రక్తమును త్రోసినచో, నడుమ సిర ఖాళీగానే ఉండును. పై నుండి రక్తము దిగి రాదు. క్రింది వ్రేలు తీసినంతనే నిండును. కట్టును మాత్రము ఎక్కువసేపు ఉంచరాదు.

ఫ్రాంక్ఫర్టులో అచ్చయిన ఆ లాటిను గ్రంథము 72 పుటలది. దానిని కాదన్నవారిలో పారిసు వైద్యుడు రియోలాన్ ముఖ్యుడు; ఆయనకు హార్వీ 1649లో బదులు వ్రాసెను. వింత యేమనగా, ఇంత తెలిసిన పిదప కూడ రోగుల నెత్తురు తీయు చికిత్స ఆగలేదు. 1799లో గొంతు జబ్బుతో మంచమెక్కిన జార్జి వాషింగ్టనుకు వైద్యులు మరణదినముననే పలుమారు నెత్తురు తీసిరి.

ధమనుల నుండి సిరలలోనికి రక్తము ఎట్లు చేరునో హార్వీ చూడలేకపోయెను. ఆయన చేత అంతటి సూక్ష్మదర్శిని లేదు. 1657లో ఆయన గతించెను. 1661లో బొలోనా నగరమున మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, వెంట్రుకకంటె సన్నని నాళములు ధమనులను సిరలతో కలుపుట కనుగొనెను. వానినే నేడు కేశనాళికలందుము.